రాత్రి బండి దాకా నెల్లూరులో: చలికాలం మధ్యాహ్నం నుంచి ఎలా గడపాలి

పెళ్లికో, పరీక్షకో, పొగతోటలో డాక్టరుకి చూపించుకోవడానికో నెల్లూరు వచ్చారు. పని పన్నెండింటికల్లా అయిపోయింది. తిరుగు బండి రాత్రి పదింటికి. ఊళ్లో తెలిసిన గడప ఒక్కటీ లేదు. బయట చూస్తే మబ్బు, సన్నటి తుంపర. ఇలాంటప్పుడు చాలామంది స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేదాకా గడిపేస్తారు, లేదంటే ఏదో ఒక సినిమాకి దూరతారు. తప్పేం లేదు. కానీ ఆ పది గంటలు ఊరు చూడ్డానికి బాగానే సరిపోతాయి. ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క ఒక్కటి తెలియాలి. చలికాలంలో ఇక్కడ పొద్దు త్వరగా కుంకుతుంది, డిసెంబరులో అయితే 5:45కే. అందుకని ఏరూ గుడీ వెలుతురుండగా చూసెయ్యండి. బజారు, తిండి దీపాలు పెట్టాక చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి, మధ్యాహ్నమంతా బట్టల కొట్లలో గడిపి, చీకటి పడ్డాక పెన్న ఒడ్డుకి పోయి ఏమీ కనపడక దోమలతో కుట్టించుకుని వస్తారు.

ముందు ఆకాశం చూడండి

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు స్వెట్టరు తెచ్చుకుని మడత విప్పకుండానే తీసుకుపోతుంటారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఇక్కడ 20 డిగ్రీల దాపులోనే ఉంటుంది. మమ్మల్ని ఇబ్బంది పెట్టేది ముసురు. తెలుగు నేలలో చాలా చోట్ల పెద్ద వానలు నైరుతిలో పడితే, మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే రెండు మూడు రోజులు సూర్యుడి జాడ ఉండదు. ఆ తడిగాలికే మా పెద్దవాళ్లు చెవులకు మఫ్లరు చుట్టేసి "చలి చంపతా ఉండాది" అంటారు. సంక్రాంతి దగ్గరపడేసరికి తెరిపిస్తుంది, తెల్లారి పొగమంచు, పగలు హాయైన ఎండ.

కాబట్టి స్వెట్టరు బదులు గొడుగు తెచ్చుకోండి. షూ బదులు చెప్పులు వేసుకోండి, గుడికీ బురదకీ రెండింటికీ పనికొస్తాయి. చేతులు నిండా ఉన్న చొక్కా తప్పనిసరి, చలికి కాదు, దోమలకి. నెల్లూరు దోమల మీద ఉన్నన్ని జోకులు ఇంకే ఊరి దోమల మీదా ఉండవేమో. ఏ మందుల షాపులోనైనా ఓడోమాస్ చిన్న ట్యూబు దొరుకుతుంది, నాలుగింటికల్లా రాసేసుకోండి.

వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజైతే ఇంకో జాగ్రత్త. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీలుస్తాయి. ఇటు నుంచి అటు పోవాలంటే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఉన్న అండర్‌బ్రిడ్జిల కిందుగా పోవాలి. గట్టివాన ఒక గంట కురిస్తే వాటిల్లో నీళ్లు నిలబడతాయి, ఆటోలు రామని మొండికేస్తాయి. అలాంటి రోజున మీరు బండి ఎక్కాల్సిన స్టేషనుగానీ బస్టాండుగానీ ఏ వైపుందో ఆ వైపే ఉండిపోండి. వాన మరీ పెద్దదైతే అసలు బండి ఉందో లేదో కూడా కనుక్కోండి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు ఏటికి అవతల పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది, రైళ్లూ బస్సులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

సామాను వదిలించుకుని అన్నానికి పోండి

పెద్ద సంచితో ఊరు తిరగలేరు. రైలు టికెట్ చేతిలో ఉంటే స్టేషన్లో సామాన్ల గది గురించి అడగండి. తాళం వేసిన సంచినే తీసుకుంటారు కాబట్టి జిప్పుకి చిన్న తాళం ఉండాలి. ఆడవాళ్లు, పిల్లలు వెంట ఉంటే బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలో పూట గది తీసుకోవడం నయం. బాత్రూము బాధ తీరిపోతుంది, భోజనం అయ్యాక ఒక కునుకు తీయొచ్చు. గది అక్కర్లేదనుకుంటే స్టేషన్లోనో ఆర్టీసీ బస్టాండులోనో పని కానిచ్చుకునే బయల్దేరండి, ఏటి ఒడ్డున ఆ వసతి వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, చేపల పులుసు. దీన్ని రాత్రికి అట్టిపెట్టుకోవద్దు. పులుసు మధ్యాహ్నపు వంట. రెండున్నర దాటాక పోతే "పులుసు అయిపోయిందన్నా, ఫ్రై ఉండాది" అన్న జవాబే వినపడుతుంది. ఒంటిగంటకల్లా కూర్చోండి. మీల్స్ తీసుకుని, పులుసు విడిగా చెప్పండి. చెప్పేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏం చేప? ఎప్పుడు చేసింది? ఉదయం చేశామంటే మంచిదే. "నిన్న రాత్రిదన్నా" అని కాస్త నసుగుతూ చెబితే ఇంకా మంచిది, ఎందుకంటే చింతపండు పులుసు ముక్కకి పట్టాలంటే ఒక రాత్రి ఊరాలి. ఇళ్లలో కూడా మర్నాటి పులుసుకే వంతులు పడతారు.

చేపముల్లు అలవాటు లేనివాళ్లు కొరమీను అడగండి. నడుమ ఒక్క వెన్నుముల్లు, చుట్టూ కండ, భయం లేదు. బొమ్మిడాయిలు దొరికితే వదలొద్దు. సన్నగా, పొడుగ్గా పాముపిల్లల్లా ఉంటాయి, గిన్నెలో చూసి జడుసుకోకండి. ధర ఎక్కువే, ముందే అడగండి. నెల్లూరు పులుసంటే మామిడికాయ ముక్క ఉండాలి కదా అని గిన్నెలో వెతక్కండి. ఇది కాయ కాలం కాదు, ఆ ముక్కల పులుసు తినాలంటే ఎండలు మొదలయ్యాక ఇంకోసారి రావాల్సిందే. ఈ రోజుల్లో ఎవరైనా వేశారంటే ఎక్కడి కాయో అనుమానించాల్సిందే అని మా ఇంట్లో అంటారు.

పులుసు తినేటప్పుడు అన్నం గుట్టగా పోసుకోకుండా కొంచెం కొంచెం కలుపుకోండి. కారం మీద నూనె తేలుతూ ఉంటుంది, అడుగు నుంచి కలపాలి. వేడన్నంలో మొదటి రెండు ముద్దలు ముక్క లేకుండా పులుసుతోనే తినండి. చింతపండు ముందు తగిలి, మెంతుల చేదు వెనకాల వస్తే అది నెల్లూరి చెయ్యి. చేప తిననివాళ్లు మామూలు శాకాహార భోజనంతో సరిపెట్టుకోవచ్చు, బాగానే ఉంటుంది. మీ వాటా సాయంత్రం దోశ దగ్గరుంది.

మూడున్నరకి పెన్న ఒడ్డుకి

ఆటో ఎక్కి "రంగనాయకుల గుడి కాడ దించన్నా" అనండి. ఒక్కరే ఆటో మాట్లాడుకుంటే ఎక్కకముందే రేటు తేల్చుకోండి. షేర్ ఆటో అయితే గుడి దాకా రాకపోవచ్చు, మధ్యలో దిగి ఇంకోటి పట్టుకోవాలి. ట్రంకు రోడ్డు నుంచి రంగనాయకులపేట పోయే దారంతా పాత ఊరు. ఇరుకు సందులు, అరుగులు, మధ్యమధ్య కొత్త అపార్టుమెంట్లు.

అందరూ గుడికి పోయి, దర్శనం అయ్యాక ఏటి వైపు ఒకసారి తొంగి చూసి వచ్చేస్తారు. మీరు ముందు ఏటికే పోండి. మధ్యాహ్నం మూసిన గుడి తలుపులు ఎలాగూ నాలుగు దాటాకే తెరుస్తారు, ఈలోపు ఘాట్ మెట్ల మీద కూర్చోవచ్చు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు వచ్చిన పెన్న ఇక్కడికొచ్చేసరికి వెడల్పుగా, తాపీగా ఉంటుంది, ఇంకొంచెం పోతే ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలంలో చూసినవాళ్లకి గుర్తున్నది ఇసుకే. చలికాలంలో నీళ్లుంటాయి, ఇసుక తిన్నెల మీద జమ్ము ఉంటుంది, తెల్ల కొంగలు వరసగా నిలబడి ఉంటాయి. 1855లో కట్టిన ఆనకట్ట నెల్లూరు పొలాలకి నీళ్లిచ్చింది, దాని బదులు కట్టిన కొత్త బ్యారేజీ 2022లో మొదలైంది. మధ్యాహ్నం మీరు తిన్న అన్నం ఆ నీళ్లతోనే పండి ఉంటుంది. ఎగువన సోమశిల డ్యాము గేట్లు ఎత్తారని విన్న రోజుల్లో మాత్రం మెట్లు దిగొద్దు, పై నుంచే చూడండి. నీళ్లు నెమ్మదిగా కనపడినా లోపల లాగుడు వేరే ఉంటుంది.

పోతన భాగవతం ఓరుగల్లు వైపుదైతే, భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాసిన తిక్కన ఈ ఏటి ఊరివాడు, మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. పద్యాలు వచ్చినవాళ్లు ఘాట్ మీద ఒకటి పాడుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

గుడి తెరిచాక లోపలికి పోండి. ఊళ్లో ఎత్తుగా కనపడే గాలిగోపురం ఇదే. తల్పగిరి రంగనాథుడు లోపల పడుకుని ఉంటాడు. దర్శనం అయిందని వెంటనే బయటికి రాకుండా అద్దాల మండపం ఎటని అడిగి చూడండి. పిల్లలుంటే అక్కడ పది నిమిషాలు గడిచిపోతాయి. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా వస్తే సందడి వేరు. ముక్కోటి ఏకాదశి రోజున మాత్రం ఊరు ఊరంతా ఇక్కడే ఉంటుంది, మీకు గంట రెండు గంటలు మాత్రమే ఉంటే ఆ రోజు వరసలో నిలబడొద్దు. సంక్రాంతి రోజుల్లో వస్తే ఏటి పండగ తగలొచ్చు. గొబ్బెమ్మలు తెచ్చి ఏట్లో కలుపుతారు, ఇంటిల్లిపాదీ అన్నాలు కట్టుకొచ్చి ఇసుకలో కూర్చుంటారు. తెలియనివాళ్లని కూడా "రా అబ్బయా, రెండు ముద్దలు తిను" అని పిలుస్తారు, మొహమాటపడకండి.

దర్శనం అయిదుకల్లా ముగిసేలా చూసుకుని మళ్లీ ఒడ్డుకి రండి. తెరిపిచ్చిన రోజైతే ఎగువ నుంచి పడే ఎండ నీళ్ల మీద ఏటవాలుగా పరుచుకుని గోపురం మీద పడుతుంది. ఫోటోలు తీసుకునేవాళ్లకి ఇదే సమయం. వెలుతురు పోయాక ఘాట్‌లో ఉండొద్దు, ముఖ్యంగా ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు. గుడి వీధి దాకా వచ్చేస్తే మనుషుల సందడి ఉంటుంది.

అక్కడి నుంచి మూలాపేట దూరం కాదు. మూలస్థానేశ్వరుడి గుడి అక్కడే, కార్తీకంలో దీపాల వరసలు చూడాలి. పక్కనే వేణుగోపాలస్వామి గుడి ముందు ఒక నిమిషం ఆగండి. 1946లో దళితులకు ఈ గుడిలోకి ప్రవేశం ఇవ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశాడు. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో చేసిన 1952 దీక్ష అందరికీ తెలుసు, జిల్లాకి ఆయన పేరూ పెట్టారు. ఈ దీక్ష సంగతి మాత్రం నెల్లూరి పిల్లలకి కూడా పెద్దగా తెలియదు.

గుళ్ల మీద ఆసక్తి లేకపోతే ఈ రెండు గంటలూ స్వర్ణాల చెరువు కట్ట మీద గడపండి. ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది. కోరుకున్నది దక్కితే రొట్టె ఇచ్చి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకునే రొట్టెల పండగ ఇక్కడే జరుగుతుంది. అది మొహర్రంలో, అంటే ఈ మధ్య ఏళ్లలో జూన్, జూలైలలో వస్తోంది. చలికాలంలో జనం ఉండరు, చెరువు గాలి మాత్రం ఉంటుంది.

వెళ్లొద్దని నేను చెప్పేవి

"నెల్లూరు దాకా వచ్చి మైపాడు చూడకపోతే ఎట్టా?" అని ఎవరో ఒకరు అంటారు. బీచి పాతిక కిలోమీటర్ల దూరం. మూడింటికి బయల్దేరితే చేరి చెప్పులు విప్పేలోగా పొద్దు వాలుతుంది. మాది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలో మునగడు, మీ వీపు వెనక కొబ్బరిచెట్లలో మునుగుతాడు. పైగా ఈశాన్యం వానల్లో సముద్రం కోపంగా ఉంటుంది, నీళ్లలోకి దిగే కాలం కాదు. తెల్లారేసరికి చేరగలిగేవాళ్లకే మైపాడు. నరసింహకొండ, జొన్నవాడ గుళ్లు కూడా అంతే, పూట మొత్తం వాటికే ఇచ్చేట్టయితే పోండి. నేలపట్టు పక్షుల సంగతి అయితే అసలు ఎత్తొద్దు, అది సూళ్లూరుపేట దగ్గర, 2022 నుంచి జిల్లా కూడా తిరుపతి అయిపోయింది.

ఆరు తర్వాత బజారు

చిన్నబజారు దగ్గర దిగి నడవండి. బట్టలు, బంగారం, స్టీలు సామాన్లు, పూజ సామాన్లు. కొనాల్సింది ఏమీ లేకపోయినా దీపాల వెలుతురులో ఈ వీధులు నడవడానికి బాగుంటాయి. వెంకటగిరి చీర కొనే ఉద్దేశం ఉంటే తొందరపడొద్దు. నేత చీరేనా అని అడిగి, కొంగు తిరగేసి వెనక వైపు చూపించమనండి. చూపించడానికి విసుక్కునే కొట్టు నుంచి లేచి వచ్చేయండి. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు కనపడితే కొనుక్కోండి, బరువుండవు, ఇంటికి తీసుకుపోతే రోజూ వాడతారు.

అక్కడి నుంచి ట్రంకు రోడ్డు మీదకొస్తే కనకమహల్ సెంటరు, గాంధీబొమ్మ, వీఆర్సీ అన్నీ దగ్గర దగ్గరే. దారి తప్పితే వీఆర్సీ ఎటని అడగండి, నెల్లూరులో దారులన్నీ దాన్ని పట్టుకునే చెబుతారు. 1875లో మొదలైన స్కూలు అది, వెంకటగిరి రాజాల పేరు. పురమందిరంలో, అంటే టౌన్ హాల్లో, ఆ సాయంత్రం నాటకమో, సాహిత్య సభో ఉందేమో కనుక్కోండి. ఉంటే లోపలికి పోయి వెనక వరసలో కూర్చోండి, ఎవరని ఎవరూ అడగరు.

నడుస్తూ తినడానికి చలికాలం చిరుతిళ్లు ఉన్నాయి. ఉడకబెట్టిన శనక్కాయలు, చిలగడదుంపలు, తేగలు, సంక్రాంతి రోజుల్లో రేగుపళ్లు. బండి మీద బజ్జీలు వేస్తుంటే పులిబొంగరాలు ఉన్నాయా అని అడగండి. పులిసిన దోశపిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి నూనెలో వేస్తారు, వేడిగా ఉన్నప్పుడే తినాలి. కడుపు మాత్రం నింపుకోవద్దు, దోశ ఉంది.

నెల్లూరు కారం దోశ. కూర్చునే హోటల్ కంటే, పెనం కనపడేట్టు నిలబడగలిగే చోటు ఎంచుకోండి. పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుతో ఒకసారి ఊడుస్తాడు. గరిటెడు పిండి నడుమ పోసి, గరిటె అడుగుతో చుట్టలు చుట్టలుగా అంచుదాకా లాగుతాడు. తడి ఆరకముందే వెల్లుల్లి, ఎండుమిరపకాయలు నూరిన ఎర్రకారం ఒక ముద్ద పడేసి, అదే గరిటెతో దోశంతా పూస్తాడు. పైన పప్పులపొడి చల్లుతాడు. నెయ్యి చుట్టూ ఒకసారి, నడుమ ఒకసారి. అక్కడితో అయిపోయిందని చెయ్యి చాచొద్దు, అంచు ఎర్రబడి దానంతటదే పెనాన్ని వదిలేదాకా ఆగుతాడు. ఆ ఆగడంలోనే కారంలో పచ్చివాసన పోతుంది. త్వరగా కావాలని తొందరపెడితే ఆ పచ్చివెల్లుల్లి రాత్రంతా రైల్లో మీతోనే ఉంటుంది. కారం తక్కువ తినేవాళ్లు ముందే "కారం పల్చగా, పొడి ఎక్కువ" అని చెప్పండి. కొబ్బరి చట్నీ ఇంకో గరిటె అడిగితే ఎవరూ కాదనరు.

ఇంటికి పట్టుకుపోవడానికి మలై కాజా. పాల సరుకు, పాకంలో నానినది, కాబట్టి డబ్బా అడ్డంగా పెడితే సంచి అంతా కారుతుంది. ఎన్నాళ్లు నిలవ ఉంటుందో కొట్లోనే అడిగి, దానికి తగ్గట్టే కొనండి. దోశకు ముందు కాకుండా చివరన కొంటే చేతిలో మోత ఉండదు.

తిరుగు ప్రయాణం

తొమ్మిదికి కదలండి. రైలయితే "మెయిన్ స్టేషన్" అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఊళ్లో నెల్లూరు సౌత్, వేదాయపాళెం అని ఇంకో రెండు స్టేషన్లున్నాయి, ఎక్స్‌ప్రెస్ బండ్లు మామూలుగా అక్కడ ఆగవు. బస్సయితే "ఆర్టీసీ బస్టాండ్" అనండి. ఉత్త బస్టాండ్ అంటే మద్రాస్ బస్టాండ్, ఆత్మకూరు బస్టాండ్ అని పేర్లున్న సెంటర్లకి తీసుకుపోగలరు. ప్రైవేటు ట్రావెల్స్ టికెట్ అయితే ఎక్కాల్సిన చోటు ఊళ్లోనా, బైపాస్‌లోనా అన్నది సాయంత్రమే ఫోన్ చేసి తేల్చుకోండి. రాత్రిపూట బైపాస్ దాకా ఆటోలు దొరకడం కష్టం, దొరికినా అడిగినంత ఇవ్వాలి.

నవంబరు నుంచి జనవరి నడిమి దాకా మద్రాసు వైపు పోయే బండ్లలో శబరిమల స్వాములు ఎక్కువ. జనరల్ బోగీ నమ్ముకుని రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. రిజర్వేషన్ ఉన్నా బెర్తు కింద స్వాముల సంచులుంటాయి, వాటిని కాలితో తోయొద్దు, "స్వామీ, కాస్త జరుపుతారా" అంటే వాళ్లే సర్దుతారు. బండి లేటని తెలిస్తే ప్లాట్‌ఫారం మీద కూర్చోకుండా స్టేషన్ బయట టీ బంకు దగ్గర నిలబడండి. అల్లం టీ కావాలంటే చెప్పి పెట్టించుకోవాలి, మామూలుగా ఇచ్చేదాంట్లో వేయరు.